తల ఎత్తకూడని రోజులు

సత్యలక్ష్మి చేటలో బియ్యం పోసుకుని, బాగున్న కంటిని అరచేత్తో మూసి, ఆపరేషన్ అయిన కంటితో మట్టిబెడ్డలు ఏరుతోంది. తునినుంచి ధవళేశ్వరంలోని తమ్ముడింటికి వచ్చినప్పుడల్లా ఆమెకిదొక వేడుక. దొరికిన ప్రతి బెడ్డనూ వేలికొసన పెట్టి మరదలికి చూపిస్తుంది.

"చూశావా హైమా, ఆవగింజంత కూడా లేదు. నా కంటినుంచి తప్పించుకోలేకపోయింది."

హైమవతికి బెడ్డ కనబడలేదు. మంచి కన్ను మూస్తే వదినగారి ముఖమూ కనబడదు. దుద్దులుంటాయి, కొప్పుంటుంది, నడుమ ముఖం ఉండవలసిన చోట మసక. ఇద్దరికీ ఒకటే జబ్బు, రెటీనా నడిమధ్య రంధ్రం. కంట్లోని జిగురు తీసి గ్యాసు నింపిన రాజమండ్రి డాక్టరమ్మా ఒకరే. "పక్షం రోజులు బోర్లా పడుకోవాలి. ముఖం కిందికి ఉంటేనే గ్యాసు బుడగ పైకి తేలి రంధ్రాన్ని అదిమి పెడుతుంది" అన్న మాటా ఒకటే. వదినగారిది మూసుకుంది. తనది మూసుకోలేదు.

"సత్యదేవుడికి మొక్కుకుని నిష్ఠగా పడుకున్నానమ్మా. నీకా నిలకడ ఏదీ?"

"అక్కయ్య దీక్షే వేరు" అన్నాడు పేపరు చాటునుంచి హైమవతి భర్త మల్లేశ్వరరావు.

బుడగకు నిష్ఠ తెలియదు, పైకి తేలడమే తెలుసు. పుష్కరాల ఏడాది సత్యలక్ష్మి ఈ ఇంటి నడిమి గదిలోనే బోర్లా పడుకుంది. నుదుటికింద పెట్టే దిండు కుట్టింది హైమవతి. ముద్దలు కలిపి నోటికందించింది, జడ వేసింది, స్నానం చేయించింది. తన వంతు వచ్చేసరికి నాలుగోనాడే భర్త గుమ్మంలో నిలబడి, "ఇంటిపనంతా తల వంచుకుని చేసేదేగా. కూర తరిగితే బుడగకేమవుతుంది?" అన్నాడు. ఆమెకూ సబబే అనిపించింది. కానీ అటకమీది చింతపండు జాడీ తల వంచుకుంటే అందదు. దండెంమీద బట్టలు వేయాలంటే మెడ ఎత్తాలి. తల దించుకునే వడ్డిస్తుంటే, "ముఖం ముడుచుకుని పెడతావేంటి?" అన్నదీ ఆయనే.

"రంధ్రం పెద్దదండి" అంది డాక్టరమ్మ మొన్న. "ఈసారి పొర కనబడేందుకు రంగు వేసి, దానిచుట్టూ ఉల్లిపొరకన్నా పల్చటి పొరను ఒలిచి, మళ్లీ గ్యాసు నింపుతాను. ఇదీ మూసుకోకపోతే ఆ కంటికి ఇక చేయగలిగింది తక్కువ. పడుకోవడం మటుకు మీ చేతుల్లో ఉంది."

తన చేతుల్లోనా? ఇన్నాళ్లూ వదినగారి కంటిని చూసి అసూయపడుతున్నాననుకుంది. చేటలో చకచకా కదిలే ఆ వేళ్లను చూస్తుంటే సంగతి తేటపడింది. ఆ పక్షం రోజులూ సత్యలక్ష్మికి ఒక హైమవతి ఉంది. తనకు లేనిది అదే.

"వదినగారూ, సోమవారం ఆపరేషన్. అయ్యాక ఆసుపత్రినుంచి తిన్నగా తుని వచ్చేస్తాను. కారులో తల వంచుకుని వెళ్లవచ్చని డాక్టరుగారు చెప్పారు. మీ ఇంట్లో పడుకుంటానండి."

చేట ఆగింది. "మా ఇంట్లోనా? నా నడుంనొప్పి సంగతి నీకు తెలియనిదేముంది..."

"మీకు చేసినప్పుడు నాకూ ఉందండి."

పేపరు కిందికి దిగింది. "మరి నా భోజనం?"

హైమవతి మంచి కన్ను మూసి ఆయనవైపు చూసింది. రెండు చెవులూ, జుట్టూ, నడుమ మసక.

"మీరు తల ఎత్తవచ్చు కదండీ. అటక అందుతుంది."