రీమేక్‌లో కలిపిన సీను

అమెరికా వాళ్ళకి ఒక జబ్బుంది. బయటి దేశం సినిమా ఏదైనా బాగుందంటే చాలు, హక్కులు కొనుక్కుని మళ్ళీ మొదటినుంచీ తీస్తారు. అసలు సినిమా చెప్పకుండా వదిలేసింది ఒక్కటున్నా, అది చెప్పేదాకా వాళ్ళకి నిద్రపట్టదు. ఈ సంగతి తెలిసి కూడా జితేందర్ తన కథ వాళ్ళకిచ్చాడు. ఏమవుతుందిలే అనుకున్నాడు.

డాలస్ పక్కన కాపెల్ ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ రాసుకున్న కథ అది. హైదరాబాద్ స్నేహితుడొకడు దాన్ని తెలుగులో తీస్తే, థ్రిల్లర్ అంటే ఇదీ అని దేశదేశాల వాళ్ళూ మెచ్చుకున్నారు. లేక్‌లో ఇద్దరు స్నేహితుల పడవ బోల్తా పడుతుంది. ఒకడు తాడు కోసం ఒడ్డుకి ఈదుతాడు. తిరిగొచ్చేసరికి రెండోవాడు ఉండడు. ఆ తరవాత పోయినవాడి నంబర్ నుంచి ఫోన్లు మొదలవుతాయి.

ఫోన్లు కల్పితం. పడవ నిజం. పోయినవాడు అనూప్, ఎమ్మెస్ చదివేటప్పుడు జితేందర్ రూమ్మేట్. పద్దెనిమిదేళ్ళయింది. తాడు కోసం వెళ్ళానని ఆ రోజు పోలీసులకి చెప్పిన మాటే అనూప్ తల్లి చాముండేశ్వరికీ చెప్పాడు, అదే సినిమాలోనూ పెట్టాడు. కూతురి దగ్గరుండడానికి కాపెల్ వచ్చేసిన ఆవిడ ఆ సినిమా నాలుగుసార్లు చూసింది. "నువ్వు చెయ్యగలిగిందంతా చేశావు బాబూ" అని ఏడ్చింది. అప్పట్నించీ ఆదివారం వచ్చిందంటే అతనికి గోంగూర పప్పు డబ్బా కట్టి పంపేది. ఒక్కనాడైనా అతను తృప్తిగా తిన్నాడా అంటే, లేదు.

డాలస్‌లో శనివారం మధ్యాహ్నం వేసే రీమేక్ ప్రివ్యూకి పాసులొచ్చాయి. "నేనూ వస్తాను" అందావిడ. వద్దనడానికి జితేందర్‌కి నోరు రాలేదు.

పడవ బోల్తా పడేదాకా అంతా తను రాసిందే. తరవాత హీరో ఒడ్డువైపు తిరిగాడు. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. హీరో గుంజుకున్నాడు. ఆ చెయ్యి వదల్లేదు. అప్పుడతను దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు, చిటికెన వేలితో మొదలుపెట్టి.

జితేందర్ సీట్లో ముందుకి వంగాడు. అమ్మో! ఇది ఎవరికీ చెప్పలేదే! పెళ్ళాం మనీషాకి చెప్పలేదు, దేవుడి ముందు కూడా పైకి అనలేదు. చిటికెన వేలితో సహా వీళ్ళకెలా తెలిసింది? పక్కకి తిరిగితే అనూప్ కూర్చుని ఉంటాడేమోనని భయమేసి, మెడ బిగబట్టుకున్నాడు. పక్క సీట్లో ఉన్నది అనూప్ తల్లి.

సినిమా అయ్యాక లాబీలో రియా పరిగెత్తుకొచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, రీమేక్ రాసింది ఆమే.

"అంకుల్, నచ్చిందా?"

"ఆ చెయ్యి సీను ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. అది మీదే అంకుల్! మీ తెలుగు స్క్రిప్ట్ చదివాను, స్లోగా. మీ హీరో మూవీ మొత్తం ఎవరి చెయ్యీ టచ్ చెయ్యడు. షేక్‌హ్యాండ్ ఇవ్వడు. వైఫ్ చెయ్యి కూడా పట్టుకోడు. ఎందుకు అని థింక్ చేశాను. వాటర్‌లో ఏదో అయింది అనిపించింది."

రాసిన జితేందర్‌కే ఆ సంగతి తెలియదు. తన మీద తనే చాడీ చెప్పుకున్నాడన్నమాట. చిటికెన వేలి సంగతి అడగడానికి మాత్రం ధైర్యం చాలలేదు. చాముండేశ్వరి పక్కనే నిలబడి అంతా వింది.

కార్‌లో కూర్చున్నాక అడిగింది. "ఆ పిల్ల కల్పించింది కదూ బాబూ? సినిమా వాళ్ళు మసాలా కలుపుతారు కదా."

అవునంటే అయిపోయేది. మాట ఆవిడే అందించింది, తలూపితే చాలు. ఆదివారం డబ్బా వచ్చేది, ఆవిడకి కొడుకులాంటివాడు ఒకడు మిగిలేవాడు. తలూపాలనే చూశాడు. మెడ కదల్లేదు.

"నన్ను గూడ లోపలికి గుంజుతుండె ఆంటీ. భయమైంది. ఇడిపించుకున్న."

"మరి తాడు?"

"తాడు లేనే లేదు."

ఆవిడ ఏడవలేదు. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది జితేందర్‌కి. పార్కింగ్‌లో కార్లన్నీ ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి.

"వాడు పట్టుకున్నది ఏ చెయ్యి?"

జితేందర్ స్టీరింగ్ మీంచి కుడిచెయ్యి తీసి చూపించాడు. ఆవిడ ఆ మణికట్టు చుట్టూ తన వేళ్ళు బిగించింది. ముసలి వేళ్ళే, అయినా నొప్పి పుట్టింది.

"ఏదీ, ఇప్పుడు విడదియ్యి," అంది.