విమానం నీడలో మాటలు

పొద్దున తొమ్మిది దాటిందంటే చాలు, శంషాబాద్‌లో జాహెదా బేగం డాబా మీద చాప పరుచుకుని కూర్చునేది. ఒళ్ళో చిక్కుడుకాయలు, పక్కన చాయ్ గ్లాసు. అప్పటికి విమానాల వరస మొదలయ్యేది. ఒక్కో విమానం నీడ పక్కింటి వాటర్ ట్యాంకు ఎక్కి, గోడ దిగి, డాబా మీదుగా సర్రున జారిపోయేది. ఆ నీడ మనిషి మీద పడ్డంతసేపూ విమానంలో ఉన్నవాళ్ళ మాటలు వినబడేవి. కిటికీ పక్కన నేనే కూర్చుంటానని ఒక పిల్ల పేచీ, గ్యాస్ బంద్ చేసినవా లేదా అని ఒక ఇల్లాలి నిలదీత. ఏ దేశంవాళ్ళు ఏ భాషలో మాట్లాడినా, నీడలో ఆ మాట వినేవాళ్ళ భాషలోకే వచ్చేది. గల్లీలో అన్ని డాబాల మీదా అంతే. బట్టలారేసే ఆడవాళ్ళు విని, నవ్వుకుని, ఇంకో క్లిప్పు పెట్టుకునేవాళ్ళు.

జాహెదాకు ఇంకో అలవాటుంది. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరు దూరం పోతున్నా, పావుకిలో మాంసం తెప్పించి, ఆ మనిషి తల చుట్టూ తిప్పి, గద్దలకు ఎగరేసేది. రావలసిన ఆపదను గద్ద ముక్కున కరుచుకుపోతుందని నమ్మకం. సద్కా అంటారు. పాతబస్తీలో ఆమె తల్లీ అదే చేసింది, తల్లికి తల్లీ అదే చేసింది.

ఇంతలో మనవరాలు ఆమ్నాకు విమానంలో ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం వచ్చింది. రెండు వారాల్లో, సోమవారం నాడు మొదటి డ్యూటీ. గల్లీ అంతా మిఠాయి తిన్నారు గానీ జాహెదా నోట్లోకి పోలేదు. "ఒక్కసారి పోయిరా. నా గుండె నిలబడకపోతే రెండోసారి లేదు, నౌకరీ బంద్" అంది. ఆమ్నా తల ఊపింది. ఆ ఇంట్లో దాదీ మాటంటే మాటే మరి! ఆ రోజు నుంచి ముసలామె రోజూ మాంసం ఎగరేసింది. మొదట్లో పది గద్దలు వచ్చేవి. వారం తిరిగేసరికి నలభై అయ్యాయి. ట్యాంకుల మీద వరసగా కూర్చుని ఆమె చేతులకేసి చూసేవి.

గురువారం నాడు జయశీల వచ్చింది. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల పక్షుల్ని తరిమే పని ఆమెది. మైలార్‌దేవ్‌పల్లి నుంచి స్కూటీ మీద వచ్చి, డాబా ఎక్కి, ఒక కాగితం చేతిలో పెట్టింది.

"ఖాలా, మాంసం గిట్ల ఎగరేయొద్దు. గద్దలు జమైతున్నయి. విమానానికి తగిలితే ఖతర."

"నీ కాగితం జర అటు పెట్టు బిడ్డా. పోయినేడు ఒకాయన గిట్లనే కాగితం పట్టుకొచ్చిండు. బోరు నీళ్ళు మంచిగున్నయి, ఏం కాదు, తాగుండ్రి అన్నడు. వారం దినాలు గల్లీ మొత్తం దవాఖానలనే ఉన్నది. నేను నాలుగు కిలోలు తగ్గిన!"

"ఆ సారుది వేరే ఆఫీసు, ఖాలా."

"ఆఫీసు వేరే. కాగితం మాత్రం ఒక్కతీరే ఉన్నది."

కింద మటన్ దుకాణం షుజాత్ ఊరుకుంటాడా? కత్తి నూరుతూనే అరిచాడు. "అక్కా, గంత పెద్ద విమానాన్ని గద్ద ఏం చేస్తది? ఏనుగు మీద ఈగ వాలినట్టు!"

"ఏనుగు గంటకు రెండొందల యాభై కిలోమీటర్లు ఉరకదన్నా" అంది జయశీల.

జాహెదా చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. "సరే, ఎగరేసుడు బంద్ చేస్త. మా పిల్లకు ఏం కాదని రాసియ్యి. కింద సంతకం పెట్టు."

జయశీల పెన్ను తీసింది. రాయకుండానే మళ్ళీ మూత పెట్టేసింది. "రాసియ్యలేను ఖాలా. గద్దలు తగ్గితే ఖతర తగ్గుతది. అసలే ఉండదంటే అబద్ధమైతది."

"చూసినవా ఖాలా, ఆమెకే భరోసా లేదు!" షుజాత్ పకపకా నవ్వాడు. జాహెదా నవ్వలేదు. ఏం కాదు, ఏం కాదు అన్న ఆఫీసు మనుషుల్ని ఆమె చాలామందిని చూసింది. చెప్పలేనన్న మనిషిని చూడటం ఇదే మొదలు. అయినా భయం మాట వింటుందా? శుక్రవారం మళ్ళీ మాంసం తెప్పించింది.

ఆఖరి ముక్క ఇంకా చేతిలో ఉండగానే ఒక విమానం దిగుతూ వచ్చింది. నీడ ఆమె మీద పడింది. "కుడిపక్క గద్దలు! గద్దలు!" అని ఒక గొంతు. "లేపు, పైకి లేపు!" అని ఇంకో గొంతు. వెనక ఎక్కడో ఒక ముసలమ్మ గబగబా దువా చదువుతోంది. విమానం పైకి లేచి, ఒక చుట్టు తిరిగొచ్చి, చల్లగానే దిగింది. జాహెదా చేతిలోని ఆఖరి ముక్కను మళ్ళీ గిన్నెలో వేసేసింది. తల పైకెత్తితే ఆమె పిలిచిన గద్దలే, ఆమె నెత్తి మీదే తిరుగుతున్నాయి.

జయశీల ఇచ్చిన కాగితం వెతికి, దాని మీది నంబరుకు ఫోన్ చేసింది. "బిడ్డా, నేను పిలిచిన గద్దల్ని వాపస్ పంపుడెట్ల?"

"ఏం పెట్టకు ఖాలా. నాలుగు దినాలు చూసి, ఇగ అవే పోతయి."

"సోమవారానికి మూడే దినాలున్నయి గదా!"

"అయితే గా మూడు దినాలు గట్టిగ ఉండు. నేను గూడ వస్త."

అన్నట్టే రోజూ వచ్చింది. చాప మీద జాహెదా పక్కనే కూర్చుని గద్దల్ని లెక్కపెట్టింది. శనివారం ఇరవై ఆరు. ఆదివారం పొద్దున మాత్రం "రెండు పెరిగినయి ఖాలా" అని ఉన్నదున్నట్టు చెప్పింది. కారణం షుజాత్ చెత్త డ్రమ్ము! జాహెదా మెట్లు దిగిపోయి, "దానికి మూత పెట్టకపోతే ఇగ నీ దుకాణం మెట్టెక్క" అంది. గంటలో మూత పడింది, మూత మీద బండరాయి కూడా పడింది.

సోమవారం తెల్లారకముందే ఆమ్నా బయల్దేరింది. జాహెదా మాంసం ఆమె తల చుట్టూ తిప్పింది గానీ ఎగరేయలేదు. అన్నంలో వేసి వండి, గల్లీ చివర రోడ్డు పని చేస్తున్న కూలీల చేతుల్లో పెట్టింది. "ఇయ్యాల్నే గద్దలకు వెయ్యవా? పిల్ల పైకి పోయే రోజు!" అని పక్కింటామె గుండె బాదుకుంది. జాహెదా చేతులు దుపట్టాలో చుట్టుకుని డాబా మీద కూర్చుంది. ట్యాంకు మీద ఐదు గద్దలు. చూసి చూసి నాలుగు పహాడీ షరీఫ్ గుట్ట వైపు వెళ్ళిపోయాయి.

"ఒకటి ఉన్నది ఖాలా" అంది జయశీల.

"కనబడుతున్నది బిడ్డా. ఉండనీ."

విమానం గర్జించుకుంటూ లేచింది. నీడ ట్యాంకు ఎక్కింది, గోడ దిగింది, ఆమెను కప్పింది.

"ఏం కాదు గదా బిడ్డా?" ఎవరో ముసలామె గొంతు.

"భయమైతే నా మొహమే చూస్తుండండి దాదీ. నాక్కూడా ఇదే మొదటిసారి." ఆమ్నా గొంతు.

"అయ్యో, నీక్కూడానా! అయితే నువ్వు నా మొహం చూడు."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుతోపాటే నీడ వీధి దాటిపోయింది.

"మరి రెండోసారి పంపుతవా ఖాలా?" అని అడిగింది జయశీల.

జాహెదా కిందికి దిగింది. బీరువాలోంచి ఆమ్నా రెండో జత యూనిఫాం తీసి, బల్ల మీద పరిచి, ఇస్త్రీపెట్టె స్విచ్ వేసింది. వేడెక్కిందో లేదోనని వేలు తడిచేసి అంటించి చూసింది. సుయ్‌మంది.