ఏటికాడి పని

"ఉతికేది గూడా ఒక పనేనా మే?" అన్నాడు మొగుడు మునిప్రసాద్, గుడ్డ మీద నుంచి కలం ఎత్తకుండానే.

మోహన కంప్యూటరు ముందు కూర్చుని, అతను చెప్పింది చెప్పినట్టు టైపు చేసింది. "గీసేవారికి ఎప్పుడు ఖాళీ ఉందో చూసి ఈ టూల్ తేదీ ఇస్తుంది. గీత పూర్తయితే చీర సిద్ధం." ఆ రెండో వాక్యం దగ్గరే ఆమె వేళ్లు ఆగాయి. "మరి ఉతుకూ ఉడుకూ?" అని ఆమె అడిగినందుకే అతను ఆ ఎత్తిపొడుపు మాట అన్నది.

శ్రీకాళహస్తిలో కలంకారీ చీర అంచున గీసినవాడి పేరు ఉంటుంది. ఆ గుడ్డను కరక్కాయ కలిపిన పచ్చిపాలలో నానబెట్టి, ఎండలో ఆరేసి, కొప్పెరలో ఉడకబెట్టి, రంగు రంగుకూ జాడించే ఆడదాని పేరు ఎక్కడా ఉండదు. స్వర్ణముఖిలో నీళ్లుంటే ఏట్లో, లేకుంటే పెరటి తొట్టిలో. పెళ్లయిన నాటి నుంచి ఆ పాల నీచువాసన మోహన జుట్టును వదల్లేదు. డిగ్రీ చదివిన కోడలు కాబట్టి కంప్యూటరు కూడా ఆమె నెత్తినే పడింది.

అంగడి ఆర్డర్లకు కొత్తగా ఏఐ ఏజెంటును, అంటే మనిషిలా మాట్లాడే కంప్యూటరు ప్రోగ్రామును, పెట్టారు. కొనేవాళ్లు ఫోన్లో అడిగితే అదే మాట్లాడుతుంది, డిజైన్లు చూపిస్తుంది, తేదీ చెబుతుంది. దాని చేతికి ఒక్కో పనికి ఒక్కో టూల్, పనిముట్టు లాగా. ఏ టూల్ ఏం చేస్తుందో, దాన్ని ఎప్పుడు వాడకూడదో మనమే రాసిపెట్టాలి. "తెలివైందే మేడం, కానీ మీ ఇంటికి కొత్తది. మీరు రాయనిది దానికి లేనట్టే" అన్నాడు తిరుపతి నుంచి వచ్చిన ఇంజనీరు.

ఉతుకు రాయలేదు. కాబట్టి ఉతుకు లేదు. గీత ముగిసే రోజుకే చీర ఇస్తానని అందరికీ మాట ఇస్తూ పోయింది ఏజెంటు. మాట నిలబెట్టడానికి మోహన పొద్దస్తమానం నీళ్లలోనే నిలబడింది. వేళ్ల సందులు పగిలి పుండ్లయ్యాయి. మానేదాకా నీళ్లలో చెయ్యి పెట్టవద్దన్నాడు డాక్టరు.

"గ్లౌజులు ఏసుకో. తేదీ ఇచ్చేసినాం గదా" అన్నాడు మునిప్రసాద్.

"ఎవురిచ్చినారు?"

"మిషను. రాసింది నువ్వే గదమ్మే!"

తప్పు ఎవరిదో అలా తేలిపోయింది. చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని ఏటికి పోయింది. ఒడ్డున నిలబడి అత్త పంకజాక్షి అంది, "మా కాలంలో మాకు కాలేదా? నూనె పూసుకున్నాం, నోరు మూసుకున్నాం." అంటూనే పాత పుండ్ల మచ్చలున్న తన వేళ్లను కొంగులో దాచుకుంది.

మోహనకు మిషను మీద కోపం రాలేదు. అది విన్నది విన్నట్టు నమ్మింది, అంతే. గీత పూర్తయితే చీర సిద్ధమని ఈ ఇంట్లో అందరూ నమ్మారు. వేళ్లు పుండ్లు పడినా అత్త కూడా ఆ మాటే నమ్మింది. కాకపోతే ఈసారి ఆ అబద్ధాన్ని తన చేత్తో రాసింది మోహన. అదే ఆమెకు పుండు కంటే ఎక్కువ సలిపింది.

మధ్యాహ్నం అందరూ తిని పడుకున్నాక ఆ వాక్యం తీసేసింది. ఇంజనీరుకు ఫోను చేసి, ఏజెంటు తనకు మెసేజ్ పంపే టూల్ ఒకటి కొత్తగా పెట్టించుకుంది. తేదీ టూల్ కింద ఇలా రాసింది: "ఇది గీసేవారి ఖాళీని మాత్రమే చెబుతుంది. దీన్ని చూసి చీర ఇచ్చే తేదీ చెప్పకూడదు. నానబెట్టడం, ఉడకబెట్టడం, ఉతకడం మోహన చేస్తుంది. ముందు ఆమెను అడగాలి. ఆమె ఒప్పుకుంటేనే మాట ఇవ్వాలి. ఆమె నుంచి జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు."

"ఏం మార్చినావు?" అన్నాడు సాయంత్రం మునిప్రసాద్.

"వివరంగా రాసినా."

అతను చదవలేదు. ఆమె చేసిన ఏ పనినీ అతను ఎప్పుడూ తేరిపార చూసింది లేదు.

మరునాడు పొద్దున తొట్టి దగ్గర ఉండగా ఫోనుకు ఏజెంటు మెసేజ్ వచ్చింది. "శుక్రవారానికి రెండు చీరలు అడుగుతున్నారు. గీసేవారికి ఖాళీ ఉంది. మీకు కుదురుతుందా?"

మోహన మళ్లీ చదివింది. ఆ ఇంట్లో మాట ఇచ్చేముందు తనను అడగడం అదే మొదలు. అడిగింది మనిషి కాదు. కట్టు లేని బొటనవేలితో టైపు చేసింది: "కుదరదు. చేతులు మానాలి."

"తొట్టి నిండిందా మే?" లోపలి నుంచి కేకేశాడు మునిప్రసాద్.

ఆమె తొట్టిలోకి నీళ్లు తోడే మోటారు కట్టేసింది.

"లేదు" అంది. "నేను నింపడం లేదు."