లెక్కలోకి రాని సైకిలు

మా వీధిలో సైకిళ్ళకి ప్రత్యేకంగా దారి వేస్తారన్న కబురు వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. నేను డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. స్కూలంటే మా ఇంటి ముందుగది, రోడ్డు వారగా నిలబడే రెండు కార్లు. సరిగ్గా ఆ వారనే గీత గీస్తే కార్లని నేను నెత్తిన పెట్టుకోవాలి.

కోపం వస్తే నేను ఊరుకునే రకం కాదు. ఊరుకుంటే బాగుపడే చోట కూడా ఊరుకోను. గడప గడపా తొక్కాను. మందుల షాపాయనతో బేరాలు పడిపోతాయన్నాను. ఎదురింటి పెద్దావిడని అంబులెన్సు రాదని భయపెట్టాను. ఇంటిముందు కారు పెట్టుకోవడం మన హక్కని పక్కింటివాళ్ళకి నూరిపోశాను. మా ఆవిడ ఇవన్నీ వింటూ ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి నా వైపే ఉందనుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఈ దారి సంగతి తేల్చడానికి వీధివాళ్ళతో మీటింగు పెట్టారనీ, దానికి మున్సిపాలిటీ ఇంజినీరుగారు వస్తున్నారనీ తెలియగానే ఆధారాలు చూపించాలని బుద్ధి పుట్టింది. రోజూ పొద్దున్నే బాల్కనీలో కుర్చీ వేసుకుని, ఎన్ని సైకిళ్ళు వెళ్తున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మా ఆవిడ నర్సు. ఆసుపత్రికి బయల్దేరుతూ కిందనుంచి, స్టవ్ కట్టేశారా అని అడిగేది. కట్టేశానని చెప్పి, చెయ్యి ఊపి, మళ్ళీ దీక్షగా రోడ్డుకేసి చూసేవాణ్ణి.

మందుల షాపు పైన హాల్లో మీటింగు. నేను మైకు అందుకుని, కళ్ళు చిట్లించుకుని మరీ చూశాననీ, ఈ వీధిలో ఒక్క సైకిలు కూడా తిరగదనీ ప్రకటించాను. చప్పట్లు మోగాయి. వెనక వరసలో, డ్యూటీ బట్టల్లోనే కూర్చున్న మా ఆవిడ లేచింది.

"రోజూ నన్ను చూసి చెయ్యి ఊపారు కదండీ. అప్పుడు నేను దేనిమీద ఉన్నాను?"

హాలంతా గొల్లుమంది. నువ్వు ఇంటి మనిషివి కదా, వీధి లెక్కలోకి ఎలా వస్తావన్నాను. నిజంగానే అన్నాను, అదీ మైకులో.

ఆమె నవ్వలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి కట్టు చూపించింది. తలుపు తగిలిందని నాతో చెప్పిన కట్టు అది. మా కార్లని తప్పించబోయి రోడ్డు మధ్యకి వెళ్తే వ్యాను అద్దం గీరుకుపోయిందట.

"చెబితే సైకిలు మానెయ్యమంటారని చెప్పలేదు. రోజూ భయంభయంగానే వెళ్తున్నాను" అంది.

నిజమే, అలాగే అనేవాణ్ణి. ఇంజినీరుగారు మాత్రం తేలిగ్గా నవ్వి, "ఒక్కరే అన్నమాట. ఒక్కరికోసం దారి వెయ్యలేం కదా" అన్నారు.

అంటే నేను గెలిచాను. ఆ క్షణాన ఆయన మీద వచ్చినంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. ఆ ఒక్కరికి ఏమైనా అయితే ఎవరు జవాబు చెబుతారని నిలదీశాను. దారి వేసి తీరాలన్నాను. మందుల షాపాయన నా చొక్కా పట్టి లాగి, అంబులెన్సు రాదు కదా మాస్టారూ అని గుర్తుచేశాడు. వస్తుందయ్యా, అది నేను అల్లిన మాట అన్నాను. ఎవరూ నమ్మలేదు. అంత బాగా అల్లాను మరి.

చేతులెత్తమన్నారు. దారి కావాలని లేచినవి మా ఇద్దరి చేతులే.

సైకిలు నడిపించుకుంటూ ఆమె, పక్కన నేను ఇంటిదారి పట్టాం. రేపటినుంచి మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి అందరికీ నచ్చజెబుతానన్నాను. మన కార్లు ఈ రాత్రికే అక్కణ్ణుంచి తీసేస్తానన్నాను.

"మీరు తీస్తే పక్కింటివాళ్ళు పెడతారు. వాళ్ళ హక్కని చెప్పింది మీరేగా" అంది. హ్యాండిలు మీద చెయ్యి మార్చుకుని, "తిరగండి. నేను మాత్రం రేపు పొద్దున్నే ఈ రోడ్డుమీదే డ్యూటీకి వెళ్ళాలి" అంది.