నిలబెట్టాల్సిన ముక్క

కరిగిన మైనాన్ని అచ్చులో పోసి, ఫోర్సెప్స్ కొనతో ముక్కను అందులోకి దించి, శివరామయ్య ఊపిరి బిగపట్టాడు. ముక్క పెసరగింజలో సగం కూడా ఉండదు. మైనం గట్టిపడేలోగా దాన్ని అంచు మీద నిలబెట్టాలి. పడుకుంటే పని చెడుతుంది. కళ్ళజోడు మీద ఇంకో భూతద్దం తగిలించుకుని, నునుపుగా మెరిసే వైపు ఏదో చూసుకుని, నిలబెట్టి, అచ్చును మెల్లగా చల్లటి పలక మీదికి జరిపాడు. మైనం తెల్లబారింది. ముక్క నిలబడే ఉంది. అప్పుడు వదిలాడు ఊపిరి.

ఏలూరులో ఆ ల్యాబు మేడ మీద, వెనకవైపు గదిలో ఆయన ముప్పై ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పని అదే. ఆపరేషన్లలో తీసిన ముక్కలు ఫార్మలిన్ సీసాల్లో వస్తాయి. వాటిని మైనంలో పోసి, వెంట్రుక కన్నా పల్చటి పొరలుగా కోసి, గోరువెచ్చటి నీళ్ళ మీద తేల్చి, గాజు పలకల మీదికి ఎత్తి, రంగులు వేసి కిందికి పంపాలి. జబ్బు పేరు చెప్పేది డాక్టరు, సంతకం చేసేదీ డాక్టరే. శివరామయ్య పేరు ఏ రిపోర్టులోనూ ఉండదు. ఆయన వేళ్ళ చివర్లు మాత్రం ఫార్మలిన్‌కి తోలులా బిరుసెక్కి, గోళ్ళు పసుపు రంగుకు తిరిగి, ఎక్కడ పనిచేస్తాడో చెప్పకనే చెబుతుంటాయి.

ముదినేపల్లి దగ్గర పౌరోహిత్యం చేసుకునే ఇంట పుట్టినవాడు. అతను బతికున్న మనుషుల కండ ముక్కలు కోస్తాడని తెలిశాక వాళ్ళ నాన్న వారం రోజులు మాట్లాడలేదు. ఆ తరువాత పలకరించాడు గానీ, కొడుకు సెలవుకి వచ్చినప్పుడల్లా నూతి దగ్గరే నిలబెట్టి, తిడుతూ నాలుగు చేదలు నెత్తిన పోయించేవాడు. ఊళ్ళో ఎవరైనా అడిగితే, "మావాడు గాజు సామానుతో ఏదో చేస్తాడండీ" అని దాటేసేవాడు. తలుచుకుంటే శివరామయ్యకి ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ నూతి నీళ్ళ చల్లదనం కోసం మళ్ళీ ఆ తిట్లు తినాలనీ అనిపిస్తుంది.

ఇవాళ్టి ముక్కతో వచ్చిన చీటీని ఇంకోసారి చదివాడు. ఇందు, ముప్పై మూడేళ్ళు, కైకలూరు. మూడేళ్ళుగా పొత్తికడుపులో నొప్పి. రోజుకు ముప్పై సార్లు మూత్రానికి వెళ్ళాల్సి వస్తోంది. పరీక్షలన్నీ నార్మల్. మూత్రాశయం లోపలి గోడ నుంచి ముక్క.

ఆ "నార్మల్" దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. ఆ మాట ఆయన ఇంట్లో ఇరవై ఆరేళ్ళు కాపురం చేసింది.

భార్య వెంకటసుబ్బలక్ష్మి. తాడేపల్లిగూడెం పక్క ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు టీచరు. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ పడవ మీద కొల్లేటికోట తీర్థానికి వెళ్ళారు. అప్పుడు చేపల చెరువులు ఇన్ని లేవు, ఎటు చూసినా నీళ్ళూ పిట్టలే. ఎండకి ఆమె మొహం ఎర్రబడింది. పడవవాడిచ్చిన చెంబెడు నీళ్ళు గటగటా తాగేసి, పైట చెంగుతో మూతి తుడుచుకుని నవ్వింది. ఆమె అలా దాహం తీరా తాగడం ఆయన చూసింది ఆ ఒకటి రెండేళ్ళే. తరువాత నొప్పి మొదలైంది. బస్సెక్కాలంటే పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్ళు ముట్టేది కాదు. పెళ్ళికి వెళితే ముందు పీటల మీద ఎవరున్నారో కాదు, దొడ్లో గది ఎటుందో చూసుకునేది. స్కూల్లో ఆ సౌకర్యం లేదు. ఎదురింటావిడ దయ తలిచి తలుపు తీసేది. పిల్లల్ని ఎక్కాలు చదవమని వెళితే, వాళ్ళు పదమూడో ఎక్కంలోకి వచ్చేసరికి తిరిగొచ్చేది.

ఏలూరులో సర్జన్ చివరికి ముక్క తీశాడు. అది ఈ గదికే వచ్చింది. శివరామయ్య ఎవర్నీ ముట్టనివ్వలేదు. నా భార్యది నేనే చేస్తానన్నాడు. ఫోర్సెప్స్ తొందరపడి వదిలేశాడు. ముక్క పక్కకి ఒరిగి పడుకుంది, మైనం బిగుసుకుపోయింది. మళ్ళీ కరిగించి నిలబెట్టి ఉండవచ్చు. ఏం కాదులే అనుకున్నాడు. మిషన్ మీద పైపైన చెక్కేసరికే, చూడాల్సిన పై పొర మైనపు పొట్టుతో పాటు చెత్తబుట్టలోకి పోయింది. రిపోర్టులో రెండు వాక్యాలు వచ్చాయి. పై పొర ఈ ముక్కలో లేదు. కింది కండ నార్మల్. ఇంట్లో అందరికీ రెండో వాక్యమే వినిపించింది. ఆయన తల్లి కోడలికి మనసు బాగోలేదంది. ఒకనాడు విసుగులో ఆయన కూడా అన్నాడు, "డాక్టర్లే ఏమీ లేదంటున్నారుగా, కాస్త ఓర్చుకోరాదూ" అని. తప్పు తనదని తెలిసుండీ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ఆయన్ని సిగ్గుతో చంపుతుంది. ఆమెకు నిజం చెప్పలేదు. చెబితే ఏమంటుందోనన్న భయంతోనే ఏళ్ళు గడిచిపోయాయి.

ఈ ముక్క సరిగ్గా వస్తే ఇవాళ ఇంటికెళ్ళి చెప్పేస్తానని పొద్దున రైల్లో ఒట్టు పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి స్లైడ్లు కిందికి పంపాడు. పావుగంటకి డాక్టర్ మైత్రేయి పిలిచింది. ఆయన కూతురి వయసుంటుంది.

"శివరామయ్యగారూ, చూడండి. ఎంత చక్కగా నిలబెట్టారండీ."

ఆయన వంగి చూశాడు. గులాబీరంగు కండ మీద నాలుగైదు వరసల కణాలు, అన్నిటికన్నా పైన గొడుగుల్లా పరుచుకున్న పెద్ద కణాలు. మూత్రాశయం నిండితే అవి సాగి పల్చనవుతాయి, ఖాళీ అయితే ముడుచుకుంటాయి. మూత్రం లోపలికి ఇంకకుండా కాచేవి అవే. స్లైడును కొంచెం జరిపితే గొడుగులు లేవు. ఇంకా జరిపితే కింది వరసలూ లేవు, గోడ బోసిగా ఉంది. రెండో స్లైడులో ఆ బోసి చోటు కిందే, ఒంట్లో వాపూ మంటా పుట్టించే మాస్ట్ కణాలు గుంపుగా చేరి ఉన్నాయి. వాటి నిండా ఊదారంగు నలుసులు. కొన్ని పగిలి, నలుసులు చుట్టూ చిమ్మాయి.

"అవి నరాల్ని రేపుతాయి," అంది మైత్రేయి. "పొర అసలెందుకు ఊడుతుందో ఇంకా ఎవరికీ పూర్తిగా తేలలేదు. ఈ ఒక్క ముక్క చూసి జబ్బు పేరు ఖాయం చెయ్యలేను. కానీ ఏమీ లేదని మాత్రం రాయనండీ."

ఇందు, ఆమె అత్తగారు రత్నమాణిక్యం బయట బెంచీ మీద ఉన్నారు. నిన్న సీసా తెచ్చి ఇచ్చినప్పుడు రత్నమాణిక్యం "అంతా నాటకమండీ, పని తప్పించుకోడానికి" అని శివరామయ్యతోనే అంది. రొయ్యల షెడ్డులో తలలు తీసే మనిషి, వేళ్ళ నిండా గాట్లు.

మైత్రేయి బయటికి వచ్చి ఆ వేళ్ళు చూసింది. "తెగిన వేలికి ఉప్పునీళ్ళు తగిలితే ఎలా ఉంటుందండీ మీకు?"

"ప్రాణం పోద్దండీ."

"మీ కోడలికి లోపల గోడకి పూత ఊడిపోయింది. మూత్రంలోనూ ఉప్పే కదండీ."

రత్నమాణిక్యం తన వేళ్ళు చీర కుచ్చిళ్ళలో దాచుకుంది. "మూడేళ్ళ నుంచీ తిడతానే ఉన్నానండీ," అంది, ఎవరి మొహమూ చూడకుండా. ఇందు ఏడవలేదు. "అదంతా తెలుగులో కూడా రాసిస్తారా అండీ? మా ఆయన చదవాలి," అంది. మైత్రేయి తెలుగులో రాసిచ్చింది.

సాయంత్రం ఇంటికి, తాడేపల్లిగూడెం వైపు వెళ్ళే ప్యాసింజర్లో కిటికీ పక్క సీటు దొరికింది. భీమడోలు దాటాక చెరువుల మీద ఎండ వాలింది. చెప్పాల్సిన మాటలు పేర్చుకుంటూ కూర్చున్నాడు. పూళ్ళ దగ్గర పేర్చినవి చేబ్రోలు వచ్చేసరికి చెదిరిపోయాయి.

భార్య వీధి అరుగు మీద గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. ఆయన చెప్పులు కూడా విప్పకుండా, నిలబడే చెప్పేశాడు. ముక్క ఒరగడం, ఏం కాదులే అనుకోవడం, పొర చెత్తబుట్టలో పోవడం, అన్నీ.

ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తుంచసాగింది.

"అదా," అంది. "ఇన్నేళ్ళూ దాన్ని మోసుకు తిరుగుతున్నారా? ఆ అమ్మాయిది బాగా వచ్చిందాండీ?"

"వచ్చింది. పొరంతా కనిపించింది."

"మరింకేం. కాళ్ళు కడుక్కు రండి."

కోప్పడుతుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు. ఇలా తేలిగ్గా తీసేస్తుందని అనుకోలేదు. మనసు తేలికపడింది గానీ, ఎక్కడో కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కూడా. ఆ పూట ఇద్దరూ కబుర్లాడుకుంటూ అన్నం తిన్నారు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం ఆమె భోంచేసి నడుం వాల్చి, మరి లేవలేదు. గుండె అన్నారు.

పన్నెండో రోజు దాటాక ఆయన ఆమె బడి సంచి సర్దాడు. పాత హాజరు పట్టీల మధ్య ఒక కవరు దొరికింది. పైన ల్యాబు పేరు, సర్జన్ దస్తూరీ, ఇరవై ఆరేళ్ళ కిందటి తేదీ. ఆ రోజుల్లో ల్యాబుకి ఉత్తరాలు రోగుల చేతికే ఇచ్చి పంపేవారు. అంటే ఆమెకే ఇచ్చాడు, అది ల్యాబుకి చేరనేలేదు. లోపల నాలుగు వరసలు. మైనంలో పోసినవాడి అజాగ్రత్త వల్ల పై పొర పోయింది, అతనెవరో చూసి ఆ పనిలోంచి తీసెయ్యండి, నేను మళ్ళీ ముక్క తీసి పంపుతాను.

ఆయన గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఉత్తరం ఒళ్ళోకి జారింది. కవరు మాత్రం చేతిలోనే ఉంది. ఎవరో ఒకసారి జాగ్రత్తగా విప్పి మళ్ళీ అన్నం మెతుకులతో అతికించిన ఆ కవరు మూతికి, వేలితో నొక్కినచోట, ఎండి పసుపెక్కిన మెతుకు ఒకటి ఇంకా అంటుకునే ఉంది.