నింగప్ప పాతిన కర్రలు

జవళగేర దగ్గర మా పిల్లకాలవ కింద ఆరు పొలాలు. మొదటిది నాది, చివరి రెండెకరాలు ఉలిగెమ్మవి. ఆమెకు వేరే ఆధారం లేదు, వరి పొట్ట మీదుంది. ఆ ఏడు, అంటే డెబ్బై ఆరులో, మర్నాడు సాయంత్రం కాలవ కట్టేస్తారని కబురొచ్చింది. పైవాడి చేను నిండాకే కిందవాడికి నీళ్లు, అదీ మా పద్ధతి. ఆ లెక్కన ఉలిగెమ్మ చేను తాలే.

నీళ్లు వదిలే నింగప్ప ఆ రోజు గంట కాగానే నా తూము మూసేశాడు. తడి ఆగినచోట ఒక కర్ర పాతి, రెండో చేనికి వదిలాడు. నాకు ఒళ్లు మండింది.

"సగంలో ఆపుతావేంటయ్యా? తిప్పినప్పుడల్లా బోదె తడవటానికే బోలెడు నీళ్లు పోవూ?"

"పోతయ్ అయ్యగారూ. గని గిట్ల జేస్తే అందరికీ జరంత అందుతది. మల్ల మీ వంతుకు కర్ర కాడికెల్లే షురూ జేస్త."

హైదరాబాదులో కంప్యూటరు దగ్గర పనిచేసే మా బావమరిది పిచ్చయ్య గట్టు మీద నిలబడిపోయాడు.

"బావా, మా పాత మిషన్ నీలాంటిదే. ఒకడి పని పూర్తయ్యేదాకా ఇంకొకడిది ముట్టదు. కొత్తది ఇతనిలాగా తలా కాసేపు చేస్తుంది. ఆపినచోటు రాసుకుని, మళ్లీ అక్కడే అందుకుంటుంది. మార్చటంలో కొంత టైము పోతుందనుకో, కానీ ఎవరి పనీ ఎండదు."

"నీ మిషన్ వరి తింటుందా?" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆఖరి విడత. నేల పైన తడి ఆరిపోయింది, ఎందాకా పారిందో కనబడటం లేదు. అందరూ అన్నాలకు వెళ్లాక నా కర్ర పీకి రెండు మళ్లు వెనక్కి పాతాను. నాకు తక్కువ తడిసిందని ఇంకో అరగంట అడగొచ్చు. ఆ అరగంట ఎవరిదో నాకు తెలుసు.

పిచ్చయ్యతో కలిసి నింగప్ప వచ్చాడు. కర్ర పీకి, నడిచి వెళ్లి, సరిగ్గా పాత గుంటలోనే పాతాడు.

"ఆరు చేన్లూ నాకు యాదున్నయ్ అయ్యగారూ. కర్రలు నాకోసం గాదు, మీ నమ్మకానికి పాతిన."

పిచ్చయ్య నింగప్పకు దణ్ణం పెట్టాడు. నేను తలెత్తలేకపోయాను. నా గంట అవకముందే నా చేత్తోనే తూము మూసి, పార తీసుకుని ఉలిగెమ్మ బోదె చెక్కటానికి పోయాను.

పొద్దు వాలేసరికి కాలవ ఆగింది. అప్పటికే ఉలిగెమ్మ ఆఖరి మడి తడిసింది. నింగప్ప చేతిలో కర్ర మిగిలిపోయింది, ఆ చేలో పాతటానికి చోటు లేదు.