శుక్రవారం ఇంటికాడ ఉండే తుపాకీ

పెంచల్ జన్మలో తుపాకీ పట్టుకోలేదు. ఊళ్లో వేరుశనగ చేనికి కాపలా ఉన్న రోజుల్లో అడవిపందులు వస్తే రేకుడబ్బా వాయించేవాడు. ఆయుధాలతో అతని పరిచయం అక్కడికి సరి. అయినా నవంబరులో ఒక బుధవారం సాయంత్రం, కువైట్‌లో ఒక తుపాకుల దుకాణంలో, తన యజమాని పక్కన నిపుణుడి హోదాలో నిలబడ్డాడు.

దీనికి కారకుడు ఆ ఇంటి వంటమనిషి బంగారయ్య. అతనిది అమలాపురం దగ్గర. తుపాకీ కొనాలనుంది, ఏది కొనాలో తెలియడం లేదని యజమాని బూ నాసిర్ అన్నం తింటూ అన్నాడు. మన డ్రైవరుది కడప జిల్లా, అక్కడ పిల్లలు పలక కంటే ముందు తుపాకీ పడతారని బంగారయ్య చెప్పాడు. సినిమాలు చూసి చెప్పాడు. పెంచల్ నిలదీస్తే, "నీ పరువు పెంచాను కదటోయ్. నన్నడిగితే పులస గురించి చెబుతాను గానీ తుపాకీ గురించి ఏం చెబుతాను?" అన్నాడు.

పెంచల్‌కు తుపాకీ అంటే భయం లేదు. భయమల్లా శుక్రవారం గురించి. భార్య గంగాదేవి బూ నాసిర్ చెల్లెలి ఇంట్లో పని చేస్తుంది. శుక్రవారం మూడింటి నుంచి ఆరింటిదాకా ఆమెకు సెలవు. ఖైతాన్‌లో మేనమామ కొడుకు గదిలో ఇద్దరూ కలుసుకుని, వండుకుని తింటారు. వారానికి ఆ మూడు గంటలే కాపురం. నిరుడు బూ నాసిర్ పడవ కొన్నాడు. పద్నాలుగు శుక్రవారాలు పెంచల్ సముద్రం మీద గాలానికి ఎర గుచ్చుతూ గడిపాడు. మూడు చేపలు పడ్డాయి. ఈసారి శుక్రవారం తప్పితే ఫోనులోంచి నీ నంబరు తీసేస్తానని గంగాదేవి చెప్పింది. ఆమె అన్నది చేస్తుంది.

కౌంటరు వెనక ఉన్న ఖాజా హుస్సేన్‌ది రాయచోటి. రెండు మాటల్లోనే యాస కలిసింది. పెంచల్ ముఖం బిగించి, యజమాని ముందే తెలుగులో అన్నాడు:

"అన్నా, నాకు తుపాకుల సంగతి తెల్దు. శుక్కురారం ఇంటికాడ ఉండే తుపాకీ ఏదన్నా ఉంటే సూపియ్యి."

ఏమంటున్నాడని బూ నాసిర్ అడిగాడు. గొట్టం ఎక్కడి తయారీ అని అడుగుతున్నాడని ఖాజా హుస్సేన్ అరబ్బీలో చెప్పాడు.

దేన్ని కొట్టాలి, ఎంత దూరం నుంచి కొట్టాలి, ఎంతలో కొనాలి, ఈ మూడూ తేలితే తుపాకీ దానంతటదే తేలుతుందని ఖాజా అన్నాడు. ముందు దుర్భిణి బిగించిన పెద్ద రైఫిల్ దించాడు. మూడొందల మీటర్ల నుంచి కొండమేకను పడేస్తుంది. ఇక్కడ కొండా లేదు, మేకా లేదు. వేటకు విమానమెక్కి పోవాలి. ఆ మాటతో పెంచల్‌కు ఆ రైఫిల్ నచ్చింది. చేత్తో బరువు చూసి, కడపలో అందరూ ఇదే వాడతారని చెప్పాడు. బూ నాసిర్ ధర అడిగాడు. తర్వాత తూటా ధర అడిగాడు. తుపాకీ ఒక్కసారి కొంటారు గానీ తూటాలు బతికినన్నాళ్లూ కొంటారని ఖాజా గుర్తు చేశాడు. ఒక్కో తూటా రెండు షవర్మాల ధర. నాలుగొందల దీనార్లు దాటొద్దని ఇంట్లో మామా, అంటే యజమానురాలు, గీత గీసింది. రైఫిల్ మళ్లీ గోడ ఎక్కింది.

రెండోది రెండు గొట్టాల తుపాకీ. దాని తూటాలో ఆవాలంత గుళ్లు ఉంటాయి. చెదురుతూ పోయి ఎగిరే పిట్టకు తగులుతాయి. ధర గీతకు లోపలే. బూ నాసిర్ భుజానికి ఆనించుకున్నాడు. చలికాలమంతా శుక్రవారం పొద్దున్నే బయల్దేరితే బాగుంటుందన్నాడు. వేటకు అనుమతి ఉన్న చోట్లు దూరమని ఖాజా చెబితే, డ్రైవరు ఉన్నాడుగా అన్నాడు.

పెంచల్ ఇంకోటి తీయమని ఖాజాను తెలుగులో బతిమాలాడు.

మూడోది ట్వంటీటూ అనే చిన్న రైఫిల్. వేలి కణుపంత తూటా. యాభై తూటాల పెట్టె మొత్తం కలిపినా పెద్ద రైఫిల్ తూటాలు మూడింటి ధర. షూటింగ్ క్లబ్బులో యాభై మీటర్ల నుంచి కాగితాన్ని కొట్టడానికి. కాగితాన్ని కొట్టడమేమిటని బూ నాసిర్ నవ్వాడు.

పెంచల్ యజమానితో అంతసేపు ఎన్నడూ మాట్లాడలేదు. నిరుడు చేపలు పడనందుకు మగవాళ్లు చేరే దివానియా గదిలో కూర్చున్న బావమరుదులు ఎట్లా నవ్వారో గుర్తు చేశాడు. పిట్ట ఎగిరిపోతే మళ్లీ నవ్వుతారన్నాడు.

"కాగితం ఎగిరిపోదు, బాబా. తగిలిన కాగితాన్ని దివానియా గోడకు అంటించుకోవచ్చు. తగలనిదాన్ని పారేయొచ్చు."

బూ నాసిర్ ఆలోచించి, ఖలాస్, ఇదే ఖాయం అన్నాడు. కడప మనిషి కడప మనిషే అని కూడా అన్నాడు.

లైసెన్సు కాగితాలు తేలడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు శుక్రవారాలూ పెంచల్ ఖైతాన్‌లోనే ఉన్నాడు. ఆరో శుక్రవారం బూ నాసిర్ క్లబ్బుకు రమ్మన్నాడు. గురి తప్పితే ఎందుకు తప్పిందో చెప్పడానికి నిపుణుడు పక్కన ఉండాలి. పెంచల్ గంగాదేవికి రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. నంబరు తీసేసిందనుకున్నాడు.

క్లబ్బులో అందరికీ చెవులు మూసే డొప్పలు తగిలించారు. బూ నాసిర్ ఒక పెట్టె కాల్చాడు. కాగితం కాగితంలాగే ఉంది. పెంచల్ తల తిప్పి చూస్తే, వెనక బెంచీ మీద గంగాదేవి కూర్చుని ఉంది. అన్న తుపాకీ చూడాలని చెల్లెలు పిల్లలతో వచ్చింది. పిల్లల్ని పట్టుకోవడానికి ఈమె సెలవు రద్దు చేసి తెచ్చింది.

పెంచల్ పోయి పక్కన కూర్చున్నాడు. గంగాదేవి మొదలుపెట్టింది. వేళ్లు మడుస్తున్న తీరు చూస్తే పడవ దగ్గర్నుంచి వరసగా వస్తున్నట్టుంది. పెంచల్‌కు ఒక్క ముక్క వినబడలేదు. అన్నిటికీ తల ఊపాడు. తూటాలు చవక కాబట్టి ఆట సాగింది. ఆమె అనడం అయిపోయి, సంచీలోంచి డబ్బా తీసి పెట్టింది. ఇద్దరూ తిన్నారు.

ఆరు కావస్తుండగా ఐదో పెట్టె అయిపోయి తుపాకీ ఆగింది. గంగాదేవి తన డొప్పలు తీసి, అతని డొప్ప పక్కకు లాగింది.

"ఏమయ్యా, ఇంగో పెట్టె కాల్చమను బాబాను. ఇంతసేపూ నన్ను మామా పిలిచిందో లేదో గానీ, నాకైతే ఇనపల్యా."

పెంచల్ లేచి, ముఖం బిగించుకుని, కడపలో ఎవరికైనా ఆరో పెట్టెకు గానీ గురి కుదరదని బూ నాసిర్‌కు చెప్పాడు.